రుమాలు మడతలో తెల్లగువ్వ

1959లో ఇటలీ దర్శకుడు అలెస్సాండ్రో బ్లాసెట్టి ‘యూరోపా ది నోత్తె’ అనే సినిమా తీశాడు. యూరప్ నగరాల్లో రాత్రివేళ సాగే ఆటపాటల్ని వరసగా చూపించే చిత్రం అది. అందులో కొద్ది నిమిషాల పాటు ఒక అమెరికన్ మెజీషియన్ కనిపిస్తాడు. వెనక తోకలున్న నల్లకోటు, తెల్ల బో టై, నున్నగా దువ్విన జుట్టు. నోరు విప్పడు, నవ్వడు. ఒక పట్టు రుమాలు తీసి చూపిస్తాడు. చేతుల మధ్య పోగుచేస్తాడు. మడతలు చిన్నగా కదులుతాయి. మరుక్షణం రుమాలు ఉన్నచోట ఒక తెల్లగువ్వ రెక్కలు విప్పుకుని ఉంటుంది. అందులో తన ప్రమేయం ఏమీ లేనట్టు అతను నిటారుగా నిలబడతాడు.

అతని పేరు చానింగ్ పొలాక్. స్టేజీ మీద గువ్వలతో చేసే ఇంద్రజాలానికి ఇవాళ్టికీ కొలబద్ద ఆ కొద్ది నిమిషాలే.

ఆ దృశ్యాన్ని నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. మొదట్లో అందరిలాగే చేతుల్ని చూశాను. గువ్వ ఎక్కణ్ణుంచి వచ్చిందో పట్టుకోవాలని పట్టుదల. దొరకలేదు. కొన్నాళ్ళకు చేతుల్ని వదిలేసి గువ్వను చూడడం మొదలుపెట్టాను. అసలు పనితనం అప్పుడు కంటబడింది. బెదిరిన గువ్వ ఎలా ఉంటుందో పక్షులు పెంచినవాళ్ళకు తెలుసు. ఈకలన్నీ ఒంటికి అదిమేసుకుంటుంది, మెడ నిక్కిస్తుంది, సందు దొరికితే పారిపోవాలని చూస్తుంది. పొలాక్ వేలి మీది గువ్వకు ఆ కంగారేమీ లేదు. చీకట్లోంచి ఒక్కసారిగా అంత వెలుగులోకి, అంతమంది ముందుకు వచ్చిన పక్షి తన ఇంటి వసారాలో ఉన్నట్టు ఉంది. హస్తలాఘవం ఎవరైనా అద్దం ముందు నిలబడి సాధించవచ్చు. ఆ నిమ్మళాన్ని మాత్రం అద్దం ముందు సాధించలేం. దానికి ఇంకో ప్రాణి ఒప్పుకోవాలి. ఈ వ్యాసం ఆ ఒప్పుదల గురించి.

చిన్నప్పుడు మా బడికి వచ్చిన మెజీషియన్ కూడా పావురాన్ని పుట్టించాడు. మెరిసే గిన్నెలో గుడ్డు పగలగొట్టి, కాగితం ముక్కలు వేసి, మంట పెట్టి, గబుక్కున మూత వేశాడు. మూత తీస్తే పావురం! నేల మీద బాసింపట్లు వేసుక్కూర్చున్న పిల్లలమంతా ఒక్కసారి లేచి నిలబడ్డాం. ఆ విద్యను తక్కువ చేసి మాట్లాడను, నాకు ఇంద్రజాలం మీద మనసు కలిగించింది అదే. కాకపోతే అక్కడ పనిచేసేది గిన్నె. పావురం కూర్చుని ఉంటే చాలు. పొలాక్ చేతిలో గిన్నె లేదు, పెట్టె లేదు, బల్ల మీద మూతలు లేవు. గుడ్డముక్క, రెండు చేతులు, ఒక పక్షి. దాచుకోవడానికి సామాను తగ్గేకొద్దీ బరువంతా మనిషికీ పక్షికీ మధ్య ఉన్న సంబంధం మీద పడుతుంది.

పొలాక్ 1926లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల చదువుకు అమెరికా ప్రభుత్వం డబ్బు ఇచ్చే రోజులవి. ఆ సాయంతోనే లాస్ ఏంజెలెస్‌లో బెన్ చావెజ్ నడిపే ఇంద్రజాల పాఠశాలలో చేరాడు. అక్కడ చెప్పే పాఠాలన్నీ చేతులకే: పేకముక్కలు, బంతులు, రుమాళ్ళు. దాంతోపాటు ఎలా నిలబడాలి, ఎలా తిరగాలి, చెయ్యి ఎంతవరకు చాపాలి అనే నడవడి. రుమాళ్ళలోంచి గువ్వల్ని తీయడం అతను కనిపెట్టింది కాదు. అంతకుముందే మెక్సికోకు చెందిన కాంటూ అనే మెజీషియన్ ఆ పని చేసి పేరు తెచ్చుకున్నాడు. పొలాక్ చేసిందల్లా ఆ విద్యలోంచి హడావుడిని తీసేయడం. గువ్వ కనపడగానే గంతేసి చేతులు చాపే అలవాటును వదిలేశాడు. ప్రతి గువ్వకూ దాని కాలం దానికి ఇచ్చాడు. ఆ తరవాత ప్రపంచమంతా నల్లకోట్లలో తెల్లగువ్వలు బయల్దేరాయి.

ఇక్కడ మన భాష మనకొక మేలు చేస్తుంది. ఇంగ్లీషువాళ్ళకు ఈ రెండు పక్షుల పేర్లలో గందరగోళం ఎక్కువ. మనకు గువ్వ వేరు, పావురం వేరు. గుడి గోపురాల మీదా రైల్వేస్టేషన్ కప్పుల కిందా గుంపులుగా బతికేది పావురం. కంచెల మీద, తుమ్మచెట్ల మీద జంటగా వాలి మెత్తగా కూసేది గువ్వ. మన మేజిక్ షో పోస్టర్ల మీద పావురం అని రాసినా, పొలాక్ దారిలో నడిచేవాళ్ళు వాడేది గువ్వనే. వాళ్ళు పెంచే గువ్వ మూలజాతి ఆఫ్రికాలో సహారా దిగువ మెట్టనేలల నుంచి అరేబియా దాకా తిరిగే పక్షి. మనిషి చేతిలో ఎన్నో తరాలుగా పెరిగి పూర్తిగా పెంపుడు జాతి అయిపోయింది. మెడ వెనక సగం వరకు నల్లటి పట్టీ ఉంటుంది. తెల్లరంగు రకంలో ఆ పట్టీ కనిపించదు. 1758లో లినేయస్ దీనికి పెట్టిన లాటిన్ పేరులో ‘రిసోరియా’ అనే మాట ఉంది. నవ్వేది అని అర్థం. ఈ పక్షి ఉత్సాహం వచ్చినప్పుడు నిజంగానే కిలకిలలాడినట్టు ఒక కూత కూస్తుంది.

పావురాన్ని వదిలి గువ్వను ఎంచుకోవడానికి కారణాలున్నాయి. మొదటిది పరిమాణం. పావురం 300 గ్రాములు దాటుతుంది. ఈ గువ్వ 150 గ్రాముల అటూ ఇటూ, రెండు పెద్ద నిమ్మకాయలంత. దానిలోనూ ఈకల వదులే ఎక్కువ. రెక్కలు మూసుకుంటే పిడికెడు, విప్పితే మూరెడు. అంత చిన్నదానిలోంచి అంత పెద్దది రావడమే ప్రేక్షకుడి కళ్ళకు అద్భుతం. రెండోది స్వభావం. పావురానికి గూటి మీద ధ్యాస, వదిలితే దాని దారి అది చూసుకుంటుంది. ఈ గువ్వకు ఆ తిరుగుముఖం పట్టే తెలివి లేదు. దానికి తెలిసిన లోకమంతా తన పంజరం, తన మనిషి. మెజీషియన్‌కు అది అనుకూలం. కానీ అదే అతని మీద పడ్డ బాధ్యత కూడా.

గువ్వల్ని ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది తెలుపు కాదు. తెల్లరంగు ఎలాగూ అందరి కళ్ళనూ లాగుతుంది. అనుభవమున్నవాళ్ళు పంజరం ముందు నిలబడి కాసేపు ఏమీ చేయరు. మనిషి దగ్గరికొస్తే ఏ పక్షి గోడకేసి కొట్టుకుంటోంది, ఏది రెండడుగులు పక్కకు జరిగి మళ్ళీ గింజలు ఏరుకుంటోంది అని గమనిస్తారు. ఆ రెండోది కావాలి. తరవాత కళ్ళు చూస్తారు: తేటగా ఉండాలి, నీరు కారకూడదు. ముక్కురంధ్రాలు పొడిగా ఉండాలి. కాళ్ళ మీద పొలుసులు నున్నగా, వేళ్ళన్నీ సరిగా ఉండాలి. రొమ్ము ఎముక మీద వేలు ఆనిస్తే కండ తగలాలి. ఎముక కత్తి అంచులా తగిలితే పక్షి చిక్కిపోయిందని లెక్క. రెక్క విప్పి చూస్తే ఈకలు వరసగా ఉండాలి, ఎందుకంటే స్టేజీ మీద విప్పుకునేది ఆ రెక్కే. పొడుగ్గా సాగిన పక్షికన్నా కురచగా, గుండ్రంగా ఉన్నదాన్ని కోరుకుంటారు.

వయసు కూడా ముఖ్యం. ఈ గువ్వ ఒక్కో విడతకు రెండు గుడ్లు పెడుతుంది. ఆడదీ మగదీ వంతులవారీగా 14 రోజుల పాటు పొదుగుతాయి. పిల్లలకు మొదటి రోజుల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ మెడ కింద మేతసంచిలో ఊరే పాలలాంటి పదార్థాన్ని నోటికి అందిస్తారు. నెల దాటి, సొంతంగా గింజలు ఏరుకుని తినడం నేర్చిన పిల్ల మచ్చికకు అనువైనది. అంతకుముందే విడదీస్తే ఎదుగుదల దెబ్బతింటుంది. ఏళ్ళు గడిచాక తెస్తే భయాలు గట్టిపడి ఉంటాయి.

ఆడా మగా తేడా చూపుకు తెలియదు. కూత, నడత చూసి పోల్చుకోవాలి. మగది తల వంచి వంచి, గొంతు ఉబ్బించి కూస్తుంది. కోటు లోపల ఉండగా ఆ కూత మొదలైతే ఆట ముగిసినట్టే. అందుకే చాలామంది నెమ్మదస్తురాలైన ఆడగువ్వను కోరుకుంటారు. రెండు మగవాటిని ఒకే గూట్లో ఉంచితే పోట్లాడుకుని ఈకలు పీక్కుంటాయి. జత కట్టి గూడు మొదలుపెట్టిన పక్షిని ప్రదర్శనకు తీసుకెళ్ళరు. దాని ఒళ్ళే అప్పుడు వేరేగా ఉంటుంది. అమెరికాలో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో డేనియల్ లెర్మన్ ఈ జాతి గువ్వల మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేశాడు. మగదాని కూతలూ వంపులూ, గూటికి తెచ్చే పుల్లలూ చూస్తేనే ఆడదాని ఒంట్లో హార్మోన్లు మారి గుడ్లకు సిద్ధమవుతుందని చూపించాడు. చూసేదీ వినేదీ ఈ పక్షి ఒంటిని అంతగా నడిపిస్తాయి. మచ్చిక చేసే మనిషి పట్టుకోవాల్సిన సూత్రం అక్కడే ఉంది. దాని చుట్టూ ఉన్నది నిమ్మళంగా ఉంటే అదీ నిమ్మళిస్తుంది.

కొత్త గువ్వ ఇంటికొచ్చాక మొదటి వారం దాన్ని పట్టుకోరు. పంజరాన్ని మనుషులు మసలే గదిలో, ఛాతీ ఎత్తున పెడతారు. నేల మీద పెడితే మనుషులు ఆకాశంలోంచి దిగుతున్నట్టు దానికి కనిపిస్తుంది. ఆకాశంలోంచి దిగేది డేగ. ఎన్ని తరాలు పంజరంలో పెరిగినా ఆ భయం పోలేదు. అందుకే చెయ్యి ఎప్పుడూ పైనుంచి రాకూడదు. ఎదురుగా, కిందినుంచి, అరచెయ్యి పైకి తిప్పి రావాలి. మేత వేసే చెయ్యి, నీళ్ళు మార్చే చెయ్యి ఒకటే కావాలి. రోజూ అదే వేళకు రావాలి. కొన్నాళ్ళకు గువ్వ ఆ చేతిని చూసి పక్కకు జరగడం మానేస్తుంది. అప్పుడు చూపుడువేలిని రొమ్ము కింద, కాళ్ళకు కాస్త పైన మెత్తగా ఆనిస్తారు. నిలకడ తప్పినట్టయి అది ఒక కాలు వేలి మీద వేస్తుంది, తరవాత రెండోది. అక్కడ ఆగాలి. ఆ రోజుకు అంతే. ఇంకో మెట్టు ఎక్కిద్దామన్న ఆశే మచ్చికకు మొదటి శత్రువు.

వేలి మీద నిలబడడం అలవాటయ్యాక పట్టుకోవడం నేర్పాలి. నిజానికి నేర్చుకోవాల్సింది మనిషి. గువ్వ కాళ్ళు రెండూ వెనక్కి, తోక కిందికి పోయేలా చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య చేర్చి పట్టుకోవాలి. అరచెయ్యి పొట్ట కింద పళ్ళెంలా ఉంటుంది. బొటనవేలు వీపు మీదుగా వచ్చి మూసుకున్న రెక్కల కొసల్ని ఆపుతుంది. నొక్కదు, ఆపుతుంది. అప్పుడు పక్షి బరువంతా చేతిలో ఉంటుంది, ఊపిరి మాత్రం దాని దగ్గరే ఉంటుంది. ఈ మాట అలంకారానికి అనడం లేదు. మనకు రొమ్మునూ పొట్టనూ వేరుచేసే పొర ఉంది, అది కదిలి ఊపిరి ఆడుతుంది. పక్షికి ఆ పొర లేదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి గాలి అందుతుంది. ముక్కు తెరిచే ఉన్నా రొమ్మును గట్టిగా పట్టుకుంటే చాలు, ఊపిరాడక పోతుంది. వేళ్ళ మధ్య ఆ ఎముక కదులుతోందా లేదా అన్నది ప్రతిక్షణం తెలుస్తూ ఉండాలి.

తడబడి పట్టుకుంటే ఇంకో నష్టం. గువ్వలకూ పావురాలకూ ఈకలు ఒంటికి వదులుగా అంటుకుని ఉంటాయి. పిల్లి పట్టుకున్నప్పుడు గుప్పెడు ఈకలు దాని నోట్లో వదిలేసి పక్షి బయటపడుతుంది. అది దాని ఆత్మరక్షణ. కంగారుపడ్డ మనిషి చేతిలోనూ అదే జరుగుతుంది. స్టేజీ మీద రుమాల్లోంచి గువ్వతోపాటు నాలుగైదు ఈకలు రాలాయంటే, దాన్ని తీసిన చెయ్యి తొందరపడిందనే చెప్పాలి.

తరవాతిది చీకటి. గువ్వకు చీకటంటే భయం లేదు. చీకటి పడితే అది కదలదు, ఒదిగి కూర్చుంటుంది. ఈ విద్య మొత్తం నిలబడింది పక్షికి పుట్టుకతో వచ్చిన ఆ గుణం మీదే. స్టేజీ వెనక గువ్వను పెట్టుకునే గుడ్డసంచి ఒక చిన్న కుట్టుపని అద్భుతం. మెత్తటి గుడ్డ, తల బయటికి వచ్చేంత సందు, రెక్కల్ని పట్టి ఉంచేంత బిగువు, రొమ్ము ఆడేంత వదులు, ఒక్క లాగుతో విడిపోయే కట్టు. దాన్ని కోటులో ఎక్కడ, ఎలా అమరుస్తారన్నది ఆ వృత్తివాళ్ళ రహస్యం, దాన్ని నేను ముట్టుకోను. గువ్వకు ఆ సంచిని అలవాటు చేసే తీరు చెబుతాను. మొదటిరోజు అర నిమిషం. బయటికి తీసి దండెం మీద కూర్చోబెట్టి, ఇష్టమైన గింజలు నాలుగు ఇస్తారు. మర్నాడు నిమిషం. అలా పెంచుకుంటూ పోతారు. సంచిలోంచి బయటికి రాగానే మంచి జరుగుతుందని గువ్వ నేర్చుకుంటుంది. రుమాలు మడతలోంచి వచ్చిన పక్షి ముఖంలో మనం చూసే ఆ తేటదనం అక్కడిది.

ప్రదర్శనలో గువ్వ సంచిలో ఉండే కాలాన్ని నిమిషాల్లో లెక్కపెడతారు. తెర లేచేముందు ఆఖరున ఎక్కించాల్సింది గువ్వల్నే, తెర పడగానే మొట్టమొదట దించాల్సిందీ వాటినే. కోటు లోపల మనిషి ఒంటివేడి, పైన దీపాల వేడి. పక్షి ఒళ్ళు మనకన్నా వేడిగా, 41 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పైగా దానికి చెమట పట్టదు, వేడెక్కితే నోరు తెరిచి రొప్పుతుంది. మన వేసవుల్లో, పందిళ్ళ కింద ప్రదర్శనలిచ్చేవాళ్ళు ఈ లెక్కను ఇంకా కచ్చితంగా పాటించాలి.

మేత విషయంలోనూ అంతే పట్టింపు. సజ్జలు, కొర్రలు, జొన్నలు, గోధుమలు కలిపి పెడతారు. పళ్ళు లేని పక్షి గింజను గింజగానే మింగుతుంది. అది కందనకాయలో నలగాలంటే సన్నటి గులకరాళ్ళ ఇసుక కూడా గిన్నెలో ఉండాలి. ప్రదర్శన రోజు కొన్ని గంటల ముందు మేత ఆపుతారు. మేతసంచి నిండుగా ఉంటే సంచిలో ఒదగడం పక్షికి ఇబ్బంది, రెట్టల బెడద సరేసరి. నీళ్ళు మాత్రం ఆపరు. కోడి నీళ్ళు ముక్కుతో తీసుకుని తల పైకెత్తి మింగుతుంది. గువ్వ అలా కాదు. ముక్కు ముంచి, తల ఎత్తకుండా గటగటా పీల్చుకుంటుంది. అందుకని దాని నీళ్ళగిన్నె ముక్కు మునిగేంత లోతుగా ఉండాలి. ఇంత చిన్న సంగతి తెలిసిందా లేదా అన్నదాన్నిబట్టి మనిషి తన పక్షిని ఎంత దగ్గరగా చూశాడో చెప్పవచ్చు.

నల్లకోటు, తెల్లగువ్వ చూపుకు గొప్ప జోడీ. వెలుగులో ఆ తెలుపు పేలినట్టు కనిపిస్తుంది. ఆ జోడీకి ఒక చిక్కుంది. గువ్వ ఒంటి మీద మెత్తటి తెల్లపొడి ఉంటుంది, కొన్ని ఈకల్లోంచి అది నిత్యం రాలుతూ ఉంటుంది. ఈకలకు నీటి తడి అంటకుండా చూసేది అదే. గువ్వ గాజు కిటికీకి కొట్టుకుంటే రెక్కల అచ్చు పడేదీ ఆ పొడితోనే. నల్లటి గుడ్డ మీద అది సుద్దలా కనిపిస్తుంది. వారానికి ఒకట్రెండుసార్లు వెడల్పాటి పళ్ళెంలో రెండంగుళాల నీళ్ళు పోసి ఎండపొడ తగిలేచోట పెడితే గువ్వ దిగి స్నానం చేస్తుంది, నీళ్ళ మీద పొడి తెట్టులా తేలుతుంది. దానికి స్నానం సంబరం, కోటుకు శుభ్రం. ఇంత చేసినా ప్రతి ప్రదర్శనకూ ముందు కోటును లోపలా బయటా బ్రష్షు చేయాల్సిందే. రుమాళ్ళను ఎన్నుకోవడంలోనూ పనితనం ఉంది. పట్టు మరీ పల్చగా ఉంటే లోపలిది తెలిసిపోతుంది, మందంగా ఉంటే జారదు. గోటికి తగులుకునే పోగు ఒక్కటున్నా పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు రుమాల్లోంచి గువ్వ వచ్చే ఆ క్షణం దగ్గరికి మళ్ళీ వెళ్దాం. రుమాలు చేతుల మధ్య పోగైంది. గువ్వ మడతల్లో ఉంది. కొత్తవాడు ఇక్కడ రుమాలును లాగేసి గువ్వను బయటపెడతాడు. నేర్పరి ఆగుతాడు. వేళ్ళను వదులు చేసి మడతల్ని వాటంతట అవే విచ్చుకోనిస్తాడు. ముందు తల కనిపిస్తుంది, గువ్వ ఒకసారి అటూ ఇటూ చూస్తుంది. ఆ చూపును ప్రేక్షకుడికి అందనివ్వడమే అసలు కళ. అప్పుడు చెయ్యిని కొద్దిగా, రెండు వేళ్ళంత కిందికి దించుతాడు. కాళ్ళకింద ఆధారం తగ్గినట్టు అనిపించి గువ్వ నిలదొక్కుకోవడానికి రెక్కలు విప్పుతుంది. హాలంతా చప్పట్లతో మోగేది ఆ రెక్కలకే. గువ్వను విదిలించలేదు, గిల్లలేదు, బెదిరించలేదు. దాని ఒంటికి సహజంగా తెలిసినదాన్ని సరైన క్షణంలో అడిగాడు, అది ఇచ్చింది.

పుట్టించిన గువ్వను దండెం మీద వదిలితే అది అక్కడే ఉండాలి. చప్పట్లు, సంగీతం, కదిలే దీపాలు, మళ్ళీ మళ్ళీ తన పక్కకు వచ్చి చేరే ఇంకో గువ్వ. ఇవన్నీ ఇంట్లోనే పరిచయం కావాలి. ప్రదర్శనలో వాడే పాటనే రోజూ మేతవేళ సన్నగా పెట్టి, వారాల మీద పెంచుతారు. చప్పట్లు రికార్డు చేసి వినిపిస్తారు. స్టేజీ మీది దండెమే పంజరంలోనూ ఉంటుంది, అదే మందం, అదే నునుపు. కొందరు రెక్క అంచు ఈకలు కత్తిరించి ఎగరకుండా చేస్తారు. నొప్పి ఉండదు, ఈకలు రాలి కొత్తవి వస్తాయి కూడా. కానీ కత్తిరించిన రెక్క విచ్చుకున్నప్పుడు అంచు మొండిగా కనిపిస్తుంది, పక్షికి నిలకడా తగ్గుతుంది. ఎగరగలిగీ ఎగరకుండా ఉన్న గువ్వలో ఉన్న ఠీవి దానికి రాదు.

ఎగిరి తిరిగొచ్చే గువ్వ ఈ విద్యకు శిఖరం. మెజీషియన్ దాన్ని హాలులోకి వదులుతాడు. జనం తలల మీదుగా ఒక చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ అతని వేలి మీద వాలుతుంది. ఇది జానెడు దూరంతో మొదలవుతుంది. ఒక చేతి మీద నుంచి ఇంకో చేతి మీదికి. తరవాత దండెం నుంచి చేతికి, మూరెడు. తరవాత గదిలో ఈ కొస నుంచి ఆ కొసకు. సాయంత్రం గదిలో దీపాలన్నీ ఆర్పి, మనిషి మీద ఒక్క దీపం పెడతారు. చీకట్లో గువ్వ ఎక్కడా వాలదు, వెలుగున్నచోటికి, తెలిసిన చేతికి వస్తుంది. స్టేజీ మీద స్పాట్‌లైట్ చేసేదీ అదే. కొత్త హాలుకు వెళ్ళినప్పుడల్లా ప్రేక్షకులు రాకముందే గువ్వకు ఆ హాలు చూపించాలి. మన దగ్గర దీనికి ఇంకో జాగ్రత్త ఉంది: సీలింగ్ ఫ్యాన్లు. తిరిగే ఫ్యాన్ రెక్కను ఎగిరే పక్షి పోల్చుకోలేదు. హాల్లో ఒక్క ఫ్యాను తిరుగుతున్నా గువ్వను వదలకూడదు. ఎంత పేరున్న ప్రదర్శనైనా, ఎంతమంది ఎదురుచూస్తున్నా సరే.

పెంచడంలోని ఈ పట్టింపులకు చట్టం మద్దతు కూడా ఉంది. 1960 జంతుహింస నివారణ చట్టం కింద 2001లో వచ్చిన నియమాల ప్రకారం మన దేశంలో ప్రదర్శనలకు జంతువుల్నీ పక్షుల్నీ వాడేవాళ్ళు ముందే నమోదు చేయించుకోవాలి. మన పొలాల్లో తిరిగే గువ్వల్ని పట్టి పెంచడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. పెంపుడు తెల్లగువ్వ విషయంలో ఇంకో మాట. ప్రదర్శనలు మానేశాక జాలిపడి దాన్ని ఆకాశంలోకి వదిలేసేవాళ్ళున్నారు. అది స్వేచ్ఛ కాదు. మేత వెతుక్కోవడం దానికి రాదు, ఇల్లు చేరడం తెలియదు, ఆ తెలుపు డేగకు కోసెడు దూరం నుంచి కనిపిస్తుంది. బాగా చూసుకుంటే ఈ గువ్వ 10-12 ఏళ్ళు బతుకుతుంది. చప్పట్లు ఆగిపోయాక మిగిలిన ఏళ్ళకు కూడా మాట ఇచ్చాకే దాన్ని తెచ్చుకోవాలి.

పొలాక్ బాటలో చాలామంది నడిచారు. కెంటకీ కుర్రవాడు లాన్స్ బర్టన్ 1982లో లోజాన్‌లో జరిగిన ప్రపంచ ఇంద్రజాల పోటీల్లో గువ్వలతో, కొవ్వొత్తులతో అగ్ర బహుమతి గెలుచుకున్నాడు. తరవాత లాస్ వేగస్‌లో తన పేరు మీదే నాటకశాల నడిపాడు. జానీ థాంప్సన్ ఇదే విద్యను హాస్యానికి మళ్ళించాడు. డాబుసరి మెజీషియన్ వేషంలో, భార్య పామ్ పక్కన ఉండగా, అన్నీ తప్పుతున్నట్టే నటిస్తూ గువ్వల్ని తీసేవాడు. అలా తప్పినట్టు కనిపించాలంటే పక్షి మీద ఇంకా ఎక్కువ భరోసా ఉండాలి. ఎవరి పద్ధతి ఏదైనా అందరి పనీ మొదలయ్యేది ఒక్కచోటే. పంజరం ముందు, చెయ్యి కిందినుంచి చాపి, గువ్వ తనంతట తాను కాలు మోపేదాకా ఆగడం దగ్గర.

‘యూరోపా ది నోత్తె’ తరవాత పొలాక్ సినిమాల్లోకి వెళ్ళాడు. 1963లో ఫ్రెంచి దర్శకుడు జార్జ్ ఫ్రాంజు తీసిన ‘జూడెక్స్’లో నాయకుడు అతనే. అందులో ముసుగుల విందు ఒకటి ఉంది. పొలాక్ వేటపక్షి తల ఉన్న ముసుగు వేసుకుని, చేతిలో ప్రాణం లేని తెల్లగువ్వతో నెమ్మదిగా నడిచి వస్తాడు. అతిథులందరి ముందు ఆ గువ్వకు ప్రాణం వస్తుంది. ఆ వెనకే రుమాళ్ళలోంచి ఒక్కొక్క గువ్వా బయల్దేరుతుంది.

ఆ దృశ్యం చూసినప్పుడల్లా నాకు శిబి చక్రవర్తి గుర్తొస్తాడు. డేగ తరుముతుంటే పావురం రాజు ఒడిలో వాలింది. ఒడిలో దాక్కున్న ప్రాణికి సరితూగడానికి రాజు తన ఒంటి మాంసమే కోసి త్రాసులో వేశాడు. ఆ కథను ఎప్పుడూ త్యాగం గురించి చెబుతారు. గువ్వల మెజీషియన్ల పని చూశాక నాకు దాని మొదటి ఘట్టమే ఎక్కువ గుర్తుంటోంది. అంతమంది ఉన్న సభలో పక్షి ఒక ఒడిని ఎంచుకుని వాలింది. అక్కడ భయం లేదని దానికి ఎలాగో తెలిసింది. కోటు లోపల గువ్వను దాచుకున్న మనిషి మీద కూడా ఆ భరోసా బరువే ఉంటుంది. 150 గ్రాములే, కానీ త్రాసులో అవతలివైపు ఏళ్ళ ఓపిక వేస్తేగాని తూగదు.

ప్రదర్శన అయిపోయి తెర పడ్డాక గువ్వ దండెం మీదికి చేరుతుంది. ఒకసారి ఒళ్ళంతా ఉబ్బించి విదిలించుకుంటుంది, రెక్క ఎత్తి ముక్కుతో ఈకలు ఒక్కొక్కటే దువ్వుకోవడం మొదలుపెడుతుంది. భయపడ్డ పక్షి ఆ పని చేయదు. మెజీషియన్ ఇంకా కోటు విప్పి ఉండడు. నీళ్ళగిన్నెను ముందుకు జరిపి, గువ్వ ముక్కు ముంచేదాకా అక్కడే నిలబడి చూస్తాడు.